పుండు దానంతటదే మానిపోయింది, ఇంకా టెస్టులు అవసరమా? (బెజవాడ)

ఆటోనగర్ కుర్రాడు:

అన్నలూ, తెలిసినోళ్లని అడిగే విషయం కాదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. నాకు 26. పగలు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో కౌంటర్ చూస్తా. రాత్రిళ్లకి యాప్‌లో మసాజ్ అని ప్రొఫైల్ పెట్టుకున్నా. పిలిచేది మగాళ్లే, వ్యవహారం మసాజ్‌తో ఆగదు. డబ్బులు తీసుకునే చేస్తా. ఎందుకు మొదలెట్టానో ఆ కథ వదిలేయండి.

ఆమధ్య అంగం మీద, ముందు చర్మం మడతలో చిన్న పుండు లేచింది. శనగ్గింజంత, అంచులు గట్టిగా. నొప్పి లేదు, చీము లేదు. మా వీధి ఆర్‌ఎంపీకి చూపించలేక "కింద పొక్కింది" అని మాత్రం చెప్పా. వేడి చేసిందన్నాడు, సబ్జా నీళ్లు తాగమన్నాడు, ఏదో సూది వేసి ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. కొన్నాళ్లకి పుండు మాయం. ఇప్పుడేమో అరచేతుల్లో రాగిరంగు మచ్చలు తేలాయి. దురద లేదు. షాపులో గ్రీజు పడక అనుకుంటున్నా.

ప్రైవేటు ల్యాబ్‌లో హెచ్ఐవీ టెస్టు చేయించా, నెగెటివ్. ఇక టెన్షన్ వదిలేయొచ్చా? నేను ఎక్కువ పంతీగానే, అంటే పైన ఉండేవాడిగానే ఉంటా, నోటితో మాత్రం మామూలే. పంతీకి ఏమీ రాదంటారు మావాళ్లు, నిజమేనా? కండోమ్ వద్దని ఐదొందలు ఎక్కువిచ్చే పార్టీలున్నారు, కాదంటే వేరేవాణ్ణి పిలుచుకుంటారు. ఇంట్లో చూస్తే తెనాలి సంబంధం దాదాపు ఖాయం చేసేశారు. పెద్దాసుపత్రికి పోదామంటే ఓపీ లైన్లో మా ఊరోళ్లు ఎవరో ఒకరు తగుల్తారు.

ఉన్నమాటంటే ఉలుకు:

నీకొచ్చింది రోగం కాదు బాబూ, బుద్ధి వంకర. ఒళ్లొంచి పని చేసుకుంటే ఈ టెస్టుల గోలే ఉండదు.

వన్‌టౌన్ అన్న:

పగలంతా కౌంటర్ దగ్గర నిలబడేవాడికి ఒళ్లొంచమని చెప్తున్నాడు పైనాయన. వదిలేయ్ తమ్ముడూ.

నేనూ ఈ పని చేసినోణ్ణే. తర్వాత ఒక హెచ్ఐవీ ప్రాజెక్టులో పీర్ ఎడ్యుకేటర్‌గా చేరి, స్టేషన్ దగ్గర్నుంచి కృష్ణ ఘాట్ల దాకా సంచిలో కండోమ్‌లు వేసుకుని తిరిగా. నువ్వు రాసింది చదువుతుంటే నాకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి అనుమానమే వస్తోంది. నొప్పి లేని పుండు, గట్టి అంచు, తర్వాత అరచేతుల్లో దురద లేని మచ్చలు, అన్నీ అదే వరసలో ఉన్నాయి. ఆ పుండు మందేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానుతుంది. ఆర్‌ఎంపీలకి పేరొచ్చేది ఇలాంటివాటితోనే. పైన మానింది గానీ క్రిమి అప్పటికే రక్తంలో ఉంది. ఓసారి అరికాళ్లు, వీపు కూడా చూసుకో. ఆ మచ్చలూ పోతాయి, అప్పుడు ఇంకా సంబరపడతావు. ఏళ్ల తర్వాత కళ్లకో, మెదడుకో, గుండెకో పట్టుకుంటుంది.

హెచ్ఐవీ టెస్టు హెచ్ఐవీ సంగతే చెప్తుంది. సిఫిలిస్‌కి ఆర్‌పీఆర్ గానీ వీడీఆర్‌ఎల్ గానీ రాయించాలి. అదే రక్తంతో అయిపోతుంది, కానీ నువ్వు అడక్కపోతే ల్యాబ్‌వాడు చేయడు.

పంతీకి ఏమీ రాదన్న మాట నేను తిరిగిన ప్రతి అడ్డాలోనూ విన్నా. కండోమ్ లేకపోతే హెచ్ఐవీ విషయంలో కోతీకే, అంటే కింద ఉండేవాడికే ప్రమాదం ఎక్కువ, లోపలి పొర పల్చన, ఇట్టే చిట్లుతుంది. అంతమాత్రాన పంతీకి రాదని కాదు. మూత్రనాళం లోంచీ, ముందు చర్మం లోపలి వైపు నుంచీ ఎక్కుతుంది. పుండుంటే ఇంకా సులువు. సిఫిలిస్‌కైతే కోతీ, పంతీ తేడా లేదు, నోటి ద్వారా కూడా అంటుతుంది. గనేరియా అని ఇంకో సుఖవ్యాధి ఉంది, అది గొంతులో కూర్చుంటే చాలామందికి గొంతు నొప్పి కూడా రాదు. వెనక భాగంలో ఉన్నా అంతే.

అందుకని డాక్టర్ దగ్గర నోరు విప్పు. మన కుర్రాళ్లు చాలామంది "ఒక ఆడమనిషి దగ్గరికి వెళ్లానండీ" అని మొదలెడతారు. ఆయన ముందు వైపు మాత్రం చూసి మందు రాస్తాడు. ఒక కుర్రాణ్ణి నేనే తీసుకెళ్లా, వెనక చీము కారుతోందని దారంతా నాతో ఏడ్చాడు. లోపలికెళ్లి మూత్రం మంట అన్నాడు! క్లినిక్‌లో సలహాలిచ్చే కౌన్సిలర్ నన్ను బయటికి పంపించి, తలుపేసి, మళ్లీ మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు. "మగాళ్లతో ఉంటాను, నోటితో, ముందు వైపు" అని ఒక్క వాక్యం అనుకుని వెళ్లు. వాళ్లకి ఇది కొత్త కాదు.

ఇంకోటి, మసాజ్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. నూనె చేతుల్తోనే కండోమ్ తొడుగుతున్నావా? కొబ్బరి నూనె, బేబీ ఆయిల్, వ్యాజ్‌లైన్, ఏదైనా సరే లబ్బరుని నిమిషాల్లో బలహీనం చేసేస్తుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల చిరుగుతుంది. మసాజ్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో, అవతలివాడికి నూనె అంటిన చోట తడిగుడ్డతో తుడువు, తర్వాతే ప్యాకెట్ విప్పు. నీళ్లతో చేసిన జెల్ వాడు, మెడికల్ షాపులో దొరుకుతుంది, ప్రాజెక్టు వాళ్లని కూడా అడుగు. రెండు కండోమ్‌లు ఒకదాని మీద ఒకటి వేసుకోకు, రాసుకుని చిరుగుతాయి. మన బెజవాడ ఎండల్లో బండి డిక్కీలో పెట్టినవి అస్సలు నమ్మకు.

ఐదొందల సంగతి. ఆకలి మీదున్నోడికి సుద్దులు చెప్పను. గదిలోకెళ్లాక వాదన పెట్టుకుంటే మాత్రం నువ్వే ఓడిపోతావు, అందులో మందు పడ్డాక. బేరం చాట్‌లోనే తేల్చెయ్, ప్రొఫైల్‌లోనే రాసెయ్. కండోమ్, జెల్ నీవే తీసుకెళ్లు. ఒక్కడే అని పిలిచి ముగ్గురుండే గదులుంటాయి, తలుపు దగ్గరే వెనక్కి తిరుగు. లాడ్జీ పేరు ఎవరో ఒకరికి చెప్పి వెళ్లు.

బ్యాగ్‌లో కండోమ్‌లు చూసి ఎవరన్నా బెదిరిస్తే, వాటిని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో ఉంది. ఇష్టపడ్డ ఇద్దరు పెద్ద మగాళ్ల మధ్య సంబంధం 2018 సెప్టెంబరు నుంచి నేరం కాదు. రోడ్డు మీద నిలబడి పిలవడం మాత్రం ఇప్పటికీ వ్యభిచారాన్ని అదుపు చేసే 1956 చట్టం కిందకి వస్తుంది, అది గుర్తుపెట్టుకో.

గుంటూరు చర్మం డాక్టర్:

అన్నగారు చెప్పింది దాదాపు అంతా సరే. చూడకుండా నిర్ధారణ చేయలేను గానీ, ఈ లక్షణాలతో వచ్చినవారికి నేను సిఫిలిస్ పరీక్ష చేయకుండా పంపను. ఆర్‌పీఆర్‌తో పాటు సిఫిలిస్‌ని ఖాయం చేసే టీపీహెచ్ఏ, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ చేయించుకోండి. హెపటైటిస్ బీ లేకపోతే టీకా వేయించుకోండి, 0, 1, 6 నెలల్లో మూడు డోసులు.

తొలిదశ సిఫిలిస్‌కి బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదు కండరానికి. నొప్పిగానే ఉంటుంది. రియాక్షన్ భయంతో చిన్న క్లినిక్కుల్లో ఈ సూది వేయడానికి వెనకాడతారు, కాబట్టి సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్ మేలు. పెన్సిలిన్ పడదని తెలిస్తే ముందే చెప్పండి. మీ ఆర్‌ఎంపీ వేసిన సూది ఏమిటో తెలియదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

హెచ్ఐవీ నెగెటివ్ ఎప్పటిది? చివరి రిస్కు తర్వాత కొత్తరకం పరీక్షకి 45 రోజులు, ర్యాపిడ్ కిట్‌కి మూడు నెలలు ఆగితేనే ఆ నెగెటివ్‌ని నమ్మాలి. కండోమ్ చిరిగితే 72 గంటల లోపు, వీలైతే అదే రోజు హెచ్ఐవీ సోకకుండా ఆపే మందు మొదలెట్టి 28 రోజులు వాడాలి. ఈ పని కొనసాగిస్తారనుకుంటే ప్రెప్ గురించి అడగండి, హెచ్ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే ఒక మాత్ర. ముందు హెచ్ఐవీ లేదని తేలాలి, కిడ్నీ పరీక్ష చూడాలి. అది హెచ్ఐవీనే ఆపుతుంది, సిఫిలిస్‌ని ఆపదు.

మిర్చియార్డు:

నాకు హెచ్ఐవీ ఉంది, గుంటూరులో దానికిచ్చే ఏఆర్‌టీ మందుల మీద ఉన్నా. రోజుకో మాత్ర, ఉచితం. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, టెస్టులో కనిపించనంత తగ్గింది, అలా ఉన్నంతకాలం సెక్స్ ద్వారా నా నుంచి ఎవరికీ రాదు. లైన్ భయం నాకూ ఉండేది. మీ ఊరోళ్లు కనిపిస్తే చర్మం డాక్టర్ కోసం వచ్చానను, అబద్ధం కూడా కాదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం నీ ఒప్పుకోలు లేకుండా హెచ్ఐవీ టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అంతగా భయమైతే బెజవాడ వదిలి గుంటూరు రా, గంట ప్రయాణం. వచ్చేముందు 1097కి ఫోన్ చెయ్, టోల్ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఆటోనగర్ కుర్రాడు:

గుంటూరు వెళ్లొచ్చా. ఆర్‌పీఆర్ 1:64, టీపీహెచ్ఏ పాజిటివ్. హెచ్ఐవీ నెగెటివ్ గానీ మళ్లీ రమ్మన్నారు. కౌన్సిలర్ మేడమ్‌కి అన్న చెప్పిన వాక్యమే చెప్పా. తలెత్తకుండా రాసుకుంది, "నోటితో కండోమ్ వాడతారా" అని అడిగింది, అంతే. సూది వేసి అరగంట కూర్చోబెట్టారు. రాత్రికి ఒళ్లు కాలిపోయింది, చలి, తలనొప్పి, మచ్చలు ఎర్రబడ్డాయి. పెన్సిలిన్ పడలేదా?

గుంటూరు చర్మం డాక్టర్:

ఇది ఎలర్జీలా లేదు. క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు మొదటి 24 గంటల్లో అలా జ్వరం వస్తుంది, పారాసెటమాల్ వేసుకోండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఆర్‌పీఆర్ చేయించండి, మీ 1:64 నాలుగో వంతుకి, అంటే 1:16కి గానీ అంతకంటే కిందికి గానీ దిగాలి. టీపీహెచ్ఏ సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి ఎవరన్నా మళ్లీ మందు మొదలెడితే ఒప్పుకోకండి. కనీసం వారం రోజులు, మచ్చలు పోయేదాకా, ఎవరితోనూ శారీరకంగా కలవకండి. గత ఆరు నెలల్లో కలిసినవాళ్లకి కబురు పంపండి.

ఆటోనగర్ కుర్రాడు:

నంబర్లున్న వాళ్లకి "సిఫిలిస్ టెస్టు చేయించుకోండి" అని మెసేజ్ పెట్టా. ఒకడు బ్లాక్ చేశాడు. ఇంకొకడు భార్యకి ఐదో నెల, ఏం చేయాలని అడిగాడు.

వన్‌టౌన్ అన్న:

ఆ రెండోవాణ్ణి ఇవాళే పంపించు, ఆయన ఒక్కడే కాదు, ఇద్దరూ వెళ్లాలి. సిఫిలిస్ కడుపులో బిడ్డకి ఎక్కుతుంది, గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు. ఇప్పుడు తల్లికి పెన్సిలిన్ పడితే బిడ్డని చాలావరకు కాపాడొచ్చు. చెకప్‌లో సిఫిలిస్ టెస్టు చేశారా అని అడగమను, చేసి ఉన్నా మళ్లీ చేయించమను. భార్యకి ఎలా చెప్పాలో తెలీకపోతే కౌన్సిలర్ ముందు కూర్చుని చెప్పమను. తెనాలి వాళ్లకి మాత్రం ముహూర్తం పెట్టుకోవద్దని నువ్వే చెప్పు, మూడు నెలల రిపోర్టు వచ్చేదాకా. ఆ పిల్లని అసలు చేసుకోవాలా అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. దాని మీద మాట్లాడాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టు.