అప్‌డేట్: మా పాత డెస్క్‌టాప్ బాగైంది, కొత్తది కొనలేదు

మధ్యాహ్నం పూట సిస్టమ్ దానంతట అదే ఆగిపోతోందని, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోందని, కొత్తది కొనాలా అని అడిగాను కదా. ఆ అవసరం రాలేదు. సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

ఆగిపోవడానికి కారణం దుమ్మే. మాది చీమకుర్తి, గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు. క్యాబినెట్ తెరిస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకులు) సందులన్నీ పూడిపోయి ఉన్నాయి. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులిపి బ్లోయర్ పెట్టాం. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే, అది తుడిచేసి, బియ్యపుగింజంత కొత్తది వేశాం. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆగట్లేదు. ఇలా దుమ్ముండే ఊళ్లలో క్యాబినెట్‌ని నేల మీద పెట్టకండి, దయచేసి.

తేదీ సంగతి మదర్‌బోర్డు మీద, సిస్టమ్ ఆపేసినా గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చగానే తేలిపోయింది.

అన్నిటికంటే పెద్ద తేడా హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) పెట్టడంతో వచ్చింది. హార్డ్‌డిస్క్‌లోలా తిరిగే భాగాలు ఉండవు కాబట్టి ఫైల్ వెతకడంలో ఆలస్యం లేదు. ర్యామ్ పెంచకుండానే ఇంత మార్పు! పాత డిస్క్‌ని ఫోటోలకు ఉంచాం.

ఇక మిగిలింది విండోస్ 10. దాని ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మా పాత ప్రాసెసర్‌కి విండోస్ 11 ఎక్కదు. అందుకే విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూస్తున్నాం. నాన్నగారికి అందులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) దొరికింది. మింట్‌లో పాత లేజర్ ప్రింటర్ వాడుతున్నవాళ్లు ఉంటే సెట్టింగ్ చెప్పండి.