సమస్య: ‘మొసలి కంటి నీరు మోక్షమిచ్చె’

ఈ పాదంతో ముగిసేలా మిగతా మూడు పాదాలు పూరించాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. గణాలు అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు): మొసలి, కంటి, నీరు, మోక్ష, మిచ్చె. 4వ గణం మొదట ఉన్న ‘మో’ యతి, అంటే పాదం మొదటి అక్షరం ‘మొ’తో కుదిరే అక్షరం. 1, 3 పాదాల్లో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గణాలు) పడాలి. ఇంగ్లీషువారి ‘క్రొకడైల్ టియర్స్’ భావం రావాలండి. ఊరికే దొంగ ఏడుపు రాస్తే చాలదు. తినేవాడు తాను తింటున్నవాడి మీదే జాలి ఒలకబోయాలి.

రాజోలు సభ్యురాలు:
మడుగులోన కరిని మకరము పట్టగ
చక్రి వచ్చి దాని చంపివేయ
శాపమంత తొలగి సంతసమ్మున నేడ్వ
మొసలి కంటి నీరు మోక్షమిచ్చె

విమర్శ: ధార బాగుందమ్మా, యతులన్నీ కుదిరాయి. గజేంద్రమోక్షంలో దేవలుడి శాపంతో మొసలైన హూహూ గంధర్వుడి కథ గుర్తుకు రావడం సహజమే. అయితే సమస్యలో కర్త ‘నీరు’. మీ పద్యంలో మోక్షమిచ్చింది చక్రి; కన్నీరు మోక్షం వచ్చాక కారింది. పైగా అది ఆనందబాష్పం, మోసం ఎక్కడా లేదు.

అంబాజీపేట సభ్యుడు:
కొబ్బరంత కొనియు గొల్లున నేడ్చెను
ధరలు కూలె ననుచు దండమిడుచు
బాకీ విడిచె రైతు పాపమటంచును
మొసలి కంటి నీరు మోక్షమిచ్చె

విమర్శ: మోక్షాన్ని బాకీ విముక్తిగా తిప్పడం చాలా బాగుందండి, సమస్యకు అసలు తాళం అదే. ‘బాకీ’ రెండు గురువులు, సూర్యగణం కాదు. ‘బాకి’ అనండి, నిఘంటువుల్లో ఉన్న రూపమే. దీనికంటే పెద్ద లోపం రెండో పాదంలో ఉంది. కొబ్బరి కొన్న షావుకారు తన నష్టానికి తానే ఏడుస్తున్నాడు, అది వట్టి నటన. దింపు సొమ్ము (దింపిన కాయలకు రైతుకివ్వాల్సిన డబ్బు) ఎగ్గొడుతూ రైతు కోసమే ఏడిస్తేనే మొసలి కన్నీరు. ఇలా మార్చి చూడండి:

తోటవాని కన్ను తుడిచి తుడిచి
బాకి విడిచె రైతు పాపమటంచును

తో-తు యతి సరిపోయింది.

అమలాపురం సభ్యుడు:
గట్టు నెక్కి యెండ గాలికి నెండిన
కంటి పొరకు తడియె కాపుగాదె
మంట తొలగ దుమ్ము మాయమై పోవగ
మొసలి కంటి నీరు మోక్షమిచ్చె

విమర్శ: మొసలికి కన్నీటి గ్రంథులున్న మాట నిజం. ఒడ్డున ఎక్కువసేపు ఉంటే కన్ను ఆరిపోతుంది, ఆ తడే కాపాడుతుంది. తినేటప్పుడూ కంట నీరు వస్తుంది. దానికీ దుఃఖానికీ సంబంధం లేదు. మోసాన్ని పూర్తిగా తీసేసి సమస్యను గెలిచారు, అడిగిన భావం మాత్రం రాలేదు. ‘తొలగ’, ‘పోవగ’ ఒకే పాదంలో బరువుగా ఉన్నాయి. ‘తొలగి’ అనండి, గణం చెడదు.