జెట్టీ స్తంభాల చుట్టూ స్నార్కెలింగ్ చేయవచ్చా?

కావలి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మేము చెన్నై మీదుగా అండమాన్ వెళుతున్నాము. ఇప్పుడు షహీద్ ద్వీప్ అని పిలుస్తున్న నీల్ ద్వీపంలో, జెట్టీ మీద నిలబడి చూసినా నీళ్ళలో చేపలు కనిపిస్తాయని వెళ్ళివచ్చినవారు చెప్పారు. నాకు చెరువు ఈత బాగా వచ్చు గానీ సముద్రం కొత్త. జెట్టీ స్తంభాల దగ్గర స్నార్కెలింగ్, అంటే మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద తేలుతూ కిందికి చూడటం, క్షేమమేనా? ఈలోపు మన మైపాడులో సాధన చేయవచ్చా?

నెల్లూరు నుంచి సమాధానం:
మైపాడులో వద్దండి. మనది అడ్డూఆపూ లేని ఇసుక తీరం కాబట్టి అలలు ఒడ్డునే విరిగి ఇసుకను లేపుతాయి, దానికి పెన్న తెచ్చే ఒండ్రు తోడవుతుంది, ఇక మాస్క్ పెట్టుకున్నా ఏమీ కనిపించదు. కృష్ణపట్నం ఓడరేవు వైపు ఈతకు వెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి. ఈత కొలనులోనే సాధన చేయండి. మాస్క్ కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చేయి వదలండి; అది జారకుండా అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్టే. మీసం ఉంటే పెదవి పైనుంచి నీరు కారుతుంది. గొట్టంలోకి చేరిన నీటిని ఒక్క ఊపున ఊది వెళ్ళగొట్టడం మాత్రం భయం పోయేదాకా చేయండి.

ఒంగోలు నుంచి సమాధానం:
ఇండోనేషియాలోని రాజా అంపత్‌లో, ఆర్బొరెక్ అనే ఊరి జెట్టీ కింద నేను ఈదాను. పలకల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా దిగుతుంటే, వేలాది చిన్న వెండి చేపలు ఒకే తెరలా కదిలి, నేను దగ్గరకు రాగానే రెండుగా చీలి, నా వెనుక మళ్ళీ కలుసుకున్నాయి. పట్టు దొరకని ఇసుక నేల మీద స్తంభం ఒక్కటే గట్టి ఆధారం కనుక గుల్లలు, స్పంజికలు, మెత్తని పగడాలు దానికే అతుక్కుంటాయి. తిండి కోసం, నీడ కోసం చేపలు చేరతాయి.

ప్రమాదమూ ఆ స్తంభంలోనే ఉంది. ఒక్క అల నన్ను నెట్టగానే ముంజేయి గుల్లలకు గీసుకుపోయింది. అవి గాజు పెంకుల్లా కోస్తాయి. అందుకే పొడవు చేతుల చొక్కా వేసుకుని, స్తంభానికి రెండు బారల దూరం తగ్గకుండా ఉండండి. ఆటుపోట్ల మధ్య నీరు నిలకడగా ఉండే కొద్దిసేపే మంచి సమయం. తెగిన గాలపు తాళ్ళు నీళ్ళలో కంటికి ఆనవు, జెట్టీ మీద ఎవరైనా గాలం వేస్తుంటే దిగకండి.

కావలి నుంచి:
ధన్యవాదాలండి. పడవలు వస్తూపోతూ ఉంటే ఏం చేయాలి? మా ఆవిడకు ఈత రాదు.

ఒంగోలు నుంచి సమాధానం:
పడవలు ఆగే జెట్టీ అయితే అసలు దిగవద్దు, నీటి మట్టంలో ఉన్న తల పడవ నడిపేవారికి కనిపించదు. అక్కడివారు అనుమతించిన చోటే, గైడ్‌తోనే దిగండి. మీ ఆవిడకు లైఫ్ జాకెట్ వేయించి, గైడ్ చేయి పట్టుకుని నడుములోతులోనే ముఖం ముంచి చూడమనండి. పగడాల మీద మాత్రం కాలు మోపవద్దని ముందే చెప్పండి.