అప్‌డేట్: బొమ్మ కారు అడుగున ఉన్న ‘ప్రోబ్’ సంగతి తేలింది

కర్నూలులో మా మేనల్లుడి పాత బొమ్మల పెట్టెలో దొరికిన కారు అడుగున ‘ప్రోబ్’ అని ఉందని, అంతరిక్ష నౌకకు వాడే మాట కారుకెందుకు వచ్చిందని, దానిని తెలుగులో ఏమనాలని గత నెల ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అది ఒక అసలు కారు పేరేనన్న వారి మాటే నిజమైంది. భూతద్దంతో చూస్తే ఆ పదం పక్కనే అరిగిపోయిన అక్షరాల్లో ‘ఫోర్డ్’ అని కూడా కనిపించింది. జపాన్ కార్ల సంస్థ మాజ్దాతో కలిసి రూపొందించి, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లాట్ రాక్ కర్మాగారంలో తయారుచేసిన ఈ కారును మొదట ఫోర్డ్ వారి పేరున్న స్పోర్ట్స్ కారు మస్టాంగ్ స్థానంలో తేవాలనుకున్నారు. మస్టాంగ్ అభిమానులు గట్టిగా ఎదురు తిరగడంతో దానిని అలాగే ఉంచి, దీనిని 1988లో ‘ప్రోబ్’ పేరుతో విడుదల చేసి 1997 వరకు కొనసాగించారు.

‘ప్రోబ్’కు ఇతర అర్థాలుగా కొందరు చెప్పిన మల్టీమీటరు (కరెంటు కొలిచే పరికరం) తీగల కొసలు, స్కానింగులో పొట్టపై ఆనించే పరికరం, పత్రికల్లో వచ్చే దర్యాప్తు వార్తలు నా ప్రశ్నకు సంబంధం లేనివిగా తేలాయి. ఒక విశ్రాంత అధ్యాపకుడు చెప్పిన సంగతి మాత్రం నాకు అన్నిటికన్నా నచ్చింది: గాయపు లోతు చూసే వైద్యుని సన్నని కడ్డీ కూడా ప్రోబే, సుశ్రుత సంహితలోని ‘ఏషణి’ అదే. 2005 జనవరి 14న శని గ్రహపు ఉపగ్రహం టైటాన్‌పై దిగిన హైగెన్స్ అంతరిక్ష నౌక చేసినదీ అలాంటి పనే. కనుక నౌకకు ‘శోధక నౌక’ అని రాసుకుని, కారు పేరును అలాగే ఉంచాను. అది ఎగరదంటే మా మేనల్లుడు ఇంకా నమ్మడం లేదు.