డిజిటల్ మీడియా అండ్ కల్చర్ ఎం.ఏ.: స్థలం తాకట్టు పెట్టి చదవాల్సిన చదువేనా?

కొల్లేటి కొంగ:
అందరికీ నమస్తే. మాది కైకలూరు పక్కన పల్లె. ఈసీఈలో బీటెక్ చేసి, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ ఛానల్లో పనిచేస్తున్నా. థంబ్‌నెయిల్ మీద ఏ రంగు అక్షరాలు పడితే జనం నొక్కుతారో, హెడ్డింగ్‌లో "షాక్" ఎక్కడ ఇరికించాలో నాకు బాగా తెలుసు. ఎందుకు నొక్కుతారో మాత్రం తెలీదు. ఆ దురదకే బ్రిటన్‌లో డిజిటల్ మీడియా అండ్ కల్చర్ ఎం.ఏ.కి అప్లై చేశాను, సీటొచ్చింది. ఏడాది కోర్సు. ఫీజు 25 వేల పౌండ్లకి కాస్త తక్కువ. గది అద్దె, తిండి, వీసా కలుపుకుంటే 40 లక్షలు దాటేలా ఉంది. స్థలం కాగితాలు పెడితేగానీ బ్యాంకు లోన్ ఇవ్వదు. "ఫోన్ చూడ్డానిక్కూడా చదువుందట్రా?" అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇది నిజంగా పీజీ దాకా చదవాల్సిన విషయమేనా, లేక పనిలో అదే వచ్చేస్తుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత డెస్క్:
మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నా బాబూ. వద్దు. ముప్ఫై ఏళ్లు పేపర్ డెస్క్‌లో కూర్చున్నవాణ్ణి. ఉస్మానియాలో జర్నలిజం 1954 నుంచి ఉంది. ఆ పట్టా ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ నా దగ్గర ట్రైనీలుగా చేరారు. ఆరు నెలలు తిరిగేసరికి ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయేవాణ్ణి. అయినా జర్నలిజంలో కనీసం లీడ్ (వార్త మొదటి పేరా) రాయించేవారు, ప్రూఫ్ దిద్దించేవారు. నువ్వు చెప్పేదాంట్లో ఏం నేర్పుతారు? సిలబస్ అచ్చయ్యేలోపు యాప్ మారిపోతుంది. నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడివి, నువ్వే వాళ్లకి పాఠం చెప్పొచ్చు.

లెస్టర్ అక్క:
యాప్ నేర్పే కోర్సయితే డెస్క్ సార్ అన్నదే కరెక్టు. కానీ అది కాదు. దాదాపు ఇదే పేరున్న కోర్సు నేను 2023-24లో చేశాను. మొత్తం 180 క్రెడిట్లు, అందులో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర రాసే పరిశోధన వ్యాసానికే. ఎడిటింగ్ గురించి ఒక్క క్లాసు లేదు. మొదటి వారమే స్టువర్ట్ హాల్ అనే కల్చరల్ స్టడీస్ పండితుడు 1973లో టీవీ గురించి రాసిన పేపర్ చేతిలో పెట్టారు. పంపినవాడు అనుకున్న అర్థమే చూసేవాడికి చేరాలని లేదు, కొందరు ఒప్పుకుంటారు, కొందరు బేరమాడతారు, కొందరు తిప్పికొడతారు అని అందులో సారాంశం. చదువుతుంటే మా ఇంటి వాట్సాప్ గ్రూపే కళ్ల ముందు ఆడింది. ఒకే వీడియోకి తాతయ్య దణ్ణం పెడతారు, అమ్మ "నిజమేనా?" అంటుంది, తమ్ముడు దాన్నే మీమ్ చేసి మళ్లీ గ్రూపులో పడేస్తాడు. కొంగగారు అడిగిన "ఎందుకు" అక్కడ మొదలవుతుంది.

రెండో టర్మ్‌లో డేటా. ఎవరు ఎవరి పోస్టు షేర్ చేస్తున్నారో తీసి, గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌లో వలలాగా గీయడం. రాయలసీమ యాస మీద జోకులేసే ఫేస్‌బుక్ పేజీలు నా డిసర్టేషన్. మా గైడ్ క్రౌడ్‌టాంగిల్ అనే ఫేస్‌బుక్ వాళ్ల టూల్‌లోంచి పోస్టులు తీసి ఇచ్చేవారు. 2024 ఆగస్టు 14న ఫేస్‌బుక్ కంపెనీ మెటా దాన్ని మూసేసింది. నా సబ్మిషన్ సెప్టెంబర్ మొదట్లో. మూసేస్తున్నామని మార్చిలోనే చెప్పారు, అయ్యో అనుకుని ఊరుకున్నాను, అది నా తప్పే. మిగిలిన 400 పోస్టులు ఒక్కొక్కటీ స్క్రీన్‌షాట్ తీసి చేత్తో ఎక్సెల్‌లో ఎక్కించాను. ట్విట్టర్ అయితే 2023లోనే పోస్టులు ఉచితంగా తీసుకునే దారి (ఏపీఐ) మూసేసింది. మనవాళ్ల వెటకారాలన్నీ ఆ కంపెనీల గోడౌన్లో ఉన్నాయి, తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఏ ఛానల్లో ఎన్నేళ్లు చేసినా ఈ సంగతి నాకు తట్టేది కాదు.

ఇంక డబ్బు సంగతి. చదువైపోయాక ఉండటానికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాలంటే మామూలుగా ఏడాదికి జీతం 41,700 పౌండ్లు ఉండాలి, కొత్తగా చేరేవాళ్లకి సడలింపు ఇచ్చినా 33,400. నాకు మొదట వచ్చింది 26 వేలు. లెక్క మీరే వేసుకోండి. నా వీసా 2027 జనవరిలో అయిపోతుంది. చదివినందుకు బాధ లేదు, అప్పు చేసినందుకు ఉంది.

జగిత్యాల పోరడు:
అక్కా, మంచిగ జెప్పినవ్ గని, గా 40 లచ్చలు నాకిస్తే ఊరంతటికి కెమెరాలు కొనిస్త. మా దిక్కు లంబాడిపల్లి ఉంటది, మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ ఆడికెల్లే. గంగవ్వ ఏ యూనివర్సిటీల చదివింది? 2020ల బిగ్‌బాస్ దాంక పోయింది. కెమెరా ముంగట ఎట్ల ఉండాల్నో ఆమెకు ఒగలు నేర్పాల్నా?

నేను గూడ టిక్‌టాక్‌ల ఉంటి. రెండు లచ్చల మంది ఫాలోవర్లు. 2020 జూన్ 29 నాడు 59 యాప్‌లు బంద్ వెట్టిండ్రు సూడు, గండ్ల అది గూడ పాయె. బాయి కాడ నాయినతోని జేసిన వీడియోలు, మా అవ్వ పాడిన బతుకమ్మ పాటలు అన్ని అండ్లనే. "గిన్నొద్దులు జేసిందంత యాడికి వాయెరా?" అని నాయిన అడిగిండు. ఏం జెప్పాలె? గందుకే అంటున్న, గాలిల మేడలకు చదువెందుకు?

పాత డెస్క్:
ఈ పోరడు నా పక్షం. రాత్రికి రాత్రి మాయమయ్యేదాని మీద పీజీ ఏమిటి?

చెట్టు కింద పాఠం:
సార్, అది మీ పక్షం కాదండీ, ఎదుటి పక్షానికి సాక్ష్యం. మాయమవుతుంది కాబట్టే ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఊళ్లల్లో ఎవరు కెమెరా ముందుకొచ్చారు, ఏ యాసలో మాట్లాడారు, ఏ కులంవాళ్ల వీడియో కింద ఎలాంటి తిట్లు పడ్డాయి, ఆ రాత్రి తర్వాత వాళ్లంతా ఎటు పోయారు? జగిత్యాల తమ్ముడు రెండు ముక్కల్లో ఒక పీహెచ్‌డీ పడేసి పోయాడు.

నేను హైదరాబాద్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని. అయినా కొంగగారికి నా సలహా విమానం ఎక్కొద్దనే. బర్మింగ్‌హామ్‌లో 1964లో రిచర్డ్ హొగ్గార్ట్ అనే ప్రొఫెసర్ పెట్టిన కల్చరల్ స్టడీస్ సెంటరే ఈ చదువుకి పుట్టిల్లు. 2002లో ఆ పుట్టింటినే మూసేశారు. పిల్ల మాత్రం ఎప్పుడో ఊళ్లు పట్టి తిరిగింది, మన దగ్గరా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎస్.ఎన్. స్కూల్ ఎం.ఏ. కమ్యూనికేషన్, ముంబై టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మీడియా అండ్ కల్చరల్ స్టడీస్ ఉన్నాయి. కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో డిజిటల్ హ్యుమానిటీస్ (కంప్యూటర్ సాయంతో సాహిత్యం, సంస్కృతి చదవడం) డిప్లొమా ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలో ఫీజు వేలల్లోనే. సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి, అంతే.

లోటు కూడా చెప్పాలి కదా. మన సిలబస్సుల్లో థియరీ అంతా ఇంగ్లీషు, ఉదాహరణలన్నీ ఎక్కడివో. తెలుగు పేజీని చదవడానికి తెలుగులో ఒక్క మాట దొరకదు. "ట్రోలింగ్"ని మనం ఏమనాలి? వెక్కిరింతా, వెలివేతా? రెండూ ఒకటి కాదు. దీనికి మార్కులు వేసేవాళ్లు అక్కడా లేరు, ఇక్కడా తక్కువే.

పాత డెస్క్:
నువ్వన్నాక ఒకటి గుర్తొచ్చింది. నేను చేసిన ఒక పేపర్‌లో సర్వర్ మార్చారు. మార్చినప్పుడు వెబ్‌సైట్లో పాత పదేళ్ల వార్తలు పోయాయి. అచ్చయినవైతే బైండు పుస్తకాల్లో ఉన్నాయి. వెబ్‌కే ప్రత్యేకంగా రాసినవి, వాటి కింద పాఠకులు పోట్లాడుకున్న కామెంట్లు, ఎవరి దగ్గరా లేవు. మేమెవరం అడగలేదు కూడా. అడగాలని తెలీలేదు. సరే, చదువుకోమను. స్థలం మాత్రం ముట్టుకోవద్దు.

లెస్టర్ అక్క:
+1. స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. ఇంకోటి కొంగగారూ, పెళ్లయి ఉంటే ఇది కూడా చూసుకోండి: 2024 జనవరి నుంచి ఇలాంటి కోర్సుల వాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకురావడానికి లేదు.

కొల్లేటి కొంగ:
పెళ్లి కాలేదక్కా, ఆ గండం లేదు :) యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను, సీటు వచ్చే ఏడాదికి జరుపుతారా అని. జరిపినా జరపకపోయినా సీయూఈటీ రాస్తున్నా. నాన్నకి డెస్క్ సార్ చెప్పిన సర్వర్ కథ చెప్పాను. "అయితే అది ఫోన్ చూసే చదువు కాదు, కరణం దస్త్రాల లాంటిదన్నమాట" అన్నాడు. లోన్ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. జగిత్యాల అన్నా, ఆ టిక్‌టాక్ వీడియోల్లో నీ దగ్గర ఏమైనా మిగిలాయా?

జగిత్యాల పోరడు:
పాత ఫోన్ల ఉండొచ్చు తమ్మీ, 200 దాంక. డిస్‌ప్లే వలిగింది, చార్జింగ్ ఎక్కుతదో లేదో. ఐతారం నాడు మెట్‌పల్లి పోయి రిపేరు చేపిస్త. అవ్వ పాటలు దొరికినయంటే ముందుగల్ల నాకొక కాపీ తీసియ్యాలె.