వానాకాలంలో కుక్కని అడవిలో తిప్పొచ్చా?

గుట్టకింద ల్యాబ్:
వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల పక్కన మా మామగారి పొలం ఉంది. శనాదివారాలు వెళ్లినప్పుడల్లా మా ల్యాబ్రడార్ కుక్కని పొద్దున్నే చెట్లలోకి తిప్పుతా. మార్చిలో మోదుగలు పూసినప్పుడు మొదలెట్టాను, అప్పుడు టేకు ఆకులన్నీ రాలిపోయి ఎంత దూరం పోయినా కనబడేది, బెల్టు తీసేసేవాణ్ణి. ఇప్పుడు వానలకి పొదలన్నీ కమ్ముకుపోయాయి, దూరిందంటే తోక కూడా కనబడట్లేదు. పైగా పోయినవారం చెవుల్లోంచి పదకొండు పిడుదులు తీశాను. ఈ నాలుగు నెలలూ మానేయాలా?

రెండు కుక్కల అమ్మ:
మానక్కర్లేదు. కానీ పిడుదుల్ని తేలిగ్గా తీసుకోకండి, కాలివేళ్ల సందుల్లో కూడా చూడండి. కిరోసిన్ పోయడం, వేళ్లతో నలపడం వద్దు, ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగేయాలి. మా పెద్దదానికి పిడుదుల జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టకపోతే ఉక్కపోతకేమో అనుకుని ఊరుకున్నాం, మూడోరోజు ముక్కులోంచి రక్తం. పరీక్ష చేయిస్తే ఎర్లీకియా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాక గానీ కోలుకోలేదు. పిడుదులు పట్టకుండా నెలనెలా వేసే మాత్రలున్నాయి, బరువు చూసి డాక్టరే రాస్తారు.

మక్కచేను:
అన్నా, పిడుదులకి మందుంది. నా భయం కరెంటు తీగ. మాదీ అటు పక్క ఊరే. మక్క కంకి పాలు పోసుకునే టైముకి అడవిపందులు దిగుతాయి, కొందరు రాత్రిపూట చేను చుట్టూ తీగ లాగి కరెంటు వదులుతారు. నేరమని అందరికీ తెలుసు, అయినా ఆగట్లేదు. పొద్దున తీయడం మర్చిపోయారంటే అంతే, కుక్కలేంటి, మనుషులే పోయారు. పందుల కోసం పిండిలో చుట్టి నాటుబాంబులు పెట్టేవాళ్లు కూడా ఉంటారు, మీ ల్యాబ్ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే రకం కదా. కోతలయ్యేదాకా బెల్టు విప్పొద్దు, బాట దిగొద్దు. ఒకవేళ తీగకి తగిలినా పట్టుకుని లాగొద్దు, ముందు కరెంటు ఆపించాలి.

గుట్టకింద ల్యాబ్:
తీగ సంగతి నాకు తట్టనేలేదు. ఇప్పుడే మామగారికి ఫోన్ చేశా, "మన వెనక చేనుకే లాగారు, నీకు చెప్పలేదా?" అన్నారు! నిన్న అది పరిగెత్తింది అటే.

మక్కచేను:
ఈ వారం చెరువుగట్టు మీద తిప్పన్నా.