సీసీఎన్‌ఏ రాయాలా, నేరుగా సీసీఎన్‌పీకి వెళ్లాలా? సలహా కావాలి

ఖమ్మం_ఫైబర్:
అన్నలకి, అక్కలకి నమస్తే. బీటెక్ ఈసీఈ చేసి ఇక్కడే ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఫీల్డ్ సపోర్ట్ చేస్తున్నా. ఫైబర్ తెగితే స్ప్లైసింగ్, ఇళ్లకెళ్లి రౌటర్ మార్చడం, రోజంతా ఇదే. సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ సగం చదివా. మూడు డౌట్లు. ఇన్‌స్టిట్యూట్ నోట్సులో రౌటర్లు దారులు తెలుసుకునే రిప్, ఈఐజీఆర్‌పీ ప్రోటోకాల్స్, పాతకాలపు ఫ్రేమ్ రిలే లింకులు ఉన్నాయి, ఇవన్నీ చదవాలా? సీసీఎన్‌ఏ వదిలేసి నేరుగా దాని పైమెట్టు సీసీఎన్‌పీ రాస్తే డబ్బు మిగులుతుందా? లేక ఫైర్‌వాల్ కోర్సు మేలా? చెల్లి కాలేజీ ఫీజు కూడా ఈ ఏడే కట్టాలి, అందుకే ఇంత టెన్షన్.

రాత్రి_ఎన్‌ఓసీ:
ఫ్రేమ్ రిలేనా! తమ్ముడూ, ముందు ఆ నోట్సు పక్కన పడెయ్. ఇప్పుడున్న 200-301 పరీక్ష 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. ఫ్రేమ్ రిలే అంతకు ముందే పోయింది. రౌటింగ్ ప్రోటోకాల్స్‌లో నువ్వు చేతితో కాన్ఫిగర్ చేయాల్సింది ఓఎస్‌పీఎఫ్, అదీ నెట్‌వర్క్ మొత్తం ఒకే భాగంగా ఉండే సింగిల్ ఏరియా. మిగతావాటికి ఈఐజీఆర్‌పీ 90, ఓఎస్‌పీఎఫ్ 110, రిప్ 120 అని అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఏ ప్రోటోకాల్ చెప్పిన దారిని రౌటర్ ముందు నమ్ముతుందో చెప్పే అంకె, తక్కువైతే ఎక్కువ నమ్మకం) గుర్తుంటే చాలు. అమీర్‌పేటలో ఒకాయన నాతో ఫీజంతా ముందే కట్టించుకుని వారాల తరబడి రిప్ చెప్పాడు. పరీక్షలో ఆటోమేషన్‌కి 10 శాతం వెయిటేజీ ఉంది, క్లాసులో "జేసన్" (ఆటోమేషన్‌లో డేటా రాసే ఫార్మాట్) అనే మాటే వినపడలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

అమీర్‌పేట_మాస్టారు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. చాలా ఏళ్లుగా నెట్‌వర్కింగ్ చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్లు డల్లాస్‌లో ఉన్నారు, సింగపూర్‌లో ఉన్నారు. రిప్ ఎందుకు చెబుతామంటే, దారిలో ఎన్ని రౌటర్లున్నాయో మాత్రమే లెక్కపెట్టే హాప్ కౌంట్‌తో వచ్చే చిక్కు తెలిస్తేనే ఓఎస్‌పీఎఫ్‌లో లింకు వేగాన్ని బట్టి కాస్ట్ ఎందుకు పెట్టారో బుర్రకెక్కుతుంది. అసలు సమస్య సిలబస్ కాదు, సబ్‌నెట్టింగ్, అంటే ఐపీ అడ్రస్‌లని చిన్న నెట్‌వర్కులుగా విడగొట్టడం. /26 నెట్‌వర్కులో ఎన్ని హోస్టులు (అడ్రస్ ఇవ్వగల పరికరాలు) అంటే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసేవాళ్లు సీసీఎన్‌పీ గురించి అడుగుతున్నారు. 64 అడ్రస్‌లలో నెట్‌వర్క్‌దొకటి, బ్రాడ్‌కాస్ట్‌దొకటి, 2 తీసేస్తే 62. రౌటర్ల మధ్య లింకుకి /30, అందులో 2 హోస్టులు. /31లో రెండు తీసేస్తే సున్నా, అది వాడకూడదు. ఇదంతా నోటికి రావాలి.

దోహా_బ్యాక్‌బోన్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, /31 వాడకూడదన్నది తప్పు. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3021 చూడండి, 2000 డిసెంబర్‌లో వచ్చింది. లింకుకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు ఉన్నప్పుడు బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌తో పనేముంది? రెండు అడ్రస్‌లూ వాడుకోవచ్చు. మా కోర్ లింకులన్నీ /31లే. /30 ఇస్తే లింకుకి నాలుగు అడ్రస్‌లు ఖర్చు. పబ్లిక్ ఐపీవీ4 ఎంత కరువైందో ఐఎస్‌పీలో పనిచేసేవాళ్లని అడగండి.

అమీర్‌పేట_మాస్టారు:
మీరు దోహాలో ఏం వాడతారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి ముందు సూత్రం రావాలి. మొదటి రోజే మినహాయింపులు చెబితే రెంటికీ చెడతారు.

రాత్రి_ఎన్‌ఓసీ:
మినహాయింపు అని చెప్పడం వేరు, వాడకూడదని చెప్పడం వేరు మాస్టారూ. మా ఎన్‌ఓసీకి (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) వచ్చే ఫ్రెషర్లు లింక్ మీద /31 చూడగానే "ఇది తప్పుగా పెట్టారు" అని టికెట్ రైజ్ చేస్తారు. రాత్రి రెండింటికి ఆ టికెట్ చూసేది నేను. ఎవరు నేర్పారని అడిగితే అందరిదీ ఒకటే సమాధానం, కోచింగ్‌లో సార్ చెప్పారని.

అమీర్‌పేట_మాస్టారు:
మర్యాద తగ్గుతోంది. మీ ఫ్రెషర్ల తప్పులన్నీ నా మీద రుద్దకండి.

విశాఖ_వ్లాన్:
ఇంత గొడవ ఎందుకండీ, రౌటర్నే అడుగుదాం. ఇప్పుడే ల్యాబ్‌లో సిస్కో రౌటర్ గిగాబిట్ పోర్ట్ మీద 10.1.1.0, మాస్క్ 255.255.255.254 ఇచ్చాను. పాయింట్ టు పాయింట్ కాని ఇంటర్‌ఫేస్ మీద /31 జాగ్రత్తగా వాడమని ఒక లైన్ వార్నింగ్ వచ్చింది, కానీ తీసుకుంది. అవతలి వైపు 10.1.1.1 పెట్టాను, పింగ్ వెళ్తోంది. అయిపోయింది.

ఖమ్మం తమ్ముడికి నా మాట. నాది ఈసీఈ కూడా కాదు, బీఎస్సీ కంప్యూటర్స్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి సెకండ్‌హ్యాండ్ 2960 స్విచ్‌లు రెండు కొనుక్కుని ఇంట్లో ల్యాబ్ పెట్టుకున్నా. ఫ్యాన్ల మోతకి అమ్మ నిద్రపోయేది కాదు. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇదీ: రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ లింకు మీద వ్లాన్ 10, 20 (ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు) నడుస్తున్నాయి, 30 కూడా కలపాలి, ఏ కమాండ్ ఇస్తావు? నాకు ముందు వెళ్లినవాళ్లు "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వ్లాన్ 30" అని చెప్పి వచ్చారట. అలా కొడితే 10, 20 లిస్టులోంచి ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది, ఆఫీసులో సగం మందికి నెట్‌వర్క్ పోతుంది. మధ్యలో "యాడ్" ఉండాలి. చేతితో చేసి చూసినదాన్ని కాబట్టి టక్కున చెప్పాను. ఆ ప్రశ్నతోనే ఉద్యోగం వచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను. ల్యాబ్‌కి డబ్బు లేకపోతే సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే, సీసీఎన్‌ఏకి సరిపోతుంది.

గుంటూరు_1994:
డంప్స్ (బయటికొచ్చిన అసలు పరీక్ష ప్రశ్నలు) చదివి రాస్తే ఒక్క వారంలో అయిపోయేదానికి స్విచ్‌లు కొనడం దేనికండీ. మా ఆఫీసులో సగం మంది అలాగే రాశారు.

దోహా_బ్యాక్‌బోన్:
బాబూ, అలా రాసి వచ్చినవాళ్లనే నేను ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో పంపించేస్తాను. పట్టుబడితే సిస్కో సర్టిఫికెట్ కూడా రద్దు చేస్తుంది. నాది సీసీఎన్‌పీ కన్నా పైదైన సీసీఐఈ, బెంగళూరులో ల్యాబ్ రాశాను. 8 గంటల పరీక్ష. మొదటి 3 గంటలు డిజైన్, ఒక ప్రశ్న దాటితే వెనక్కి వెళ్లలేవు. తర్వాత 5 గంటలు కాన్ఫిగరేషన్, ట్రబుల్‌షూటింగ్. అక్కడ కూర్చుంటే డంప్స్ ఎందుకూ పనికిరావని తెలుస్తుంది.

గుంటూరు_1994:
అందరికీ సీసీఐఈ చేసే తీరిక, డబ్బు ఉండవండీ. గల్ఫ్‌లో కూర్చుని చెప్పడం తేలిక. ఇంటి ఈఎంఐలు కట్టేవాళ్లని అడగండి.

రాత్రి_ఎన్‌ఓసీ:
ఈఎంఐ నాకూ ఉంది. అయినా డంప్స్ ముట్టలేదు. ఈ వాదన ఇక్కడ ఆపండి.

వరంగల్_ఫైర్‌వాల్:
డబ్బు సంగతి అడిగాడు పిల్లాడు, ఒక్కరూ లెక్క చెప్పలేదు. విను తమ్ముడూ. సీసీఎన్‌ఏ 300 డాలర్లు, పన్ను అదనం. సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్‌కి రెండు పరీక్షలు, ప్రధాన పరీక్ష ఎన్‌కోర్ 400, మనం ఎంచుకునే అంశం మీద ఎనార్సీ లాంటి కాన్సంట్రేషన్ పరీక్ష ఒకటి 300. 2020 నుంచి సీసీఎన్‌ఏ లేకుండానే సీసీఎన్‌పీ రాయొచ్చు, ఆ రకంగా 300 మిగులుతుంది. కానీ నీకు ఇంకా ఫీల్డ్ అనుభవమే ఉంది, 400 పెట్టి ఎన్‌కోర్ పోగొట్టుకుంటే ఇంట్లో ఏం చెబుతావు? సీసీఎన్‌ఏ రాయి, ఎన్‌ఓసీలోకి మారు. సీసీఎన్‌ఏ గడువు మూడేళ్లు. అది ముగిసేలోపు కంపెనీ డబ్బుతో ఎన్‌కోర్ రాస్తే సీసీఎన్‌ఏ కూడా దానంతటదే రెన్యూ అవుతుంది, మళ్లీ విడిగా రాయక్కర్లేదు.

ఫైర్‌వాల్‌కి ఇప్పుడే ఫీజు కట్టకు. ఫైర్‌వాల్ కంపెనీ ఫోర్టినెట్ పాఠాలు వాళ్ల సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. నాట్ (లోపలి, బయటి ఐపీ అడ్రస్‌లు మార్చడం), రౌటింగ్ రాకుండా ఫైర్‌వాల్ పాలసీ రాస్తే ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో వెతుక్కోలేవు.

ఖమ్మం_ఫైబర్:
చాలా థ్యాంక్స్ అన్నా. సీసీఎన్‌ఏనే రాస్తా. ఇంకొక్కటి. ఆధార్‌లో నా పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. పరీక్షకి ఇబ్బందా?

విశాఖ_వ్లాన్:
ఇబ్బందే. నా స్నేహితురాలిని సెంటర్ నుంచి వెనక్కి పంపేశారు, ఫీజు పోయింది. పాస్‌పోర్ట్‌లో గివెన్ నేమ్, సర్‌నేమ్ ఏ అక్షరాలతో ఉన్నాయో అవే పరీక్ష బుక్ చేసే ప్రొఫైల్‌లో పెట్టు, పరీక్షకి పాస్‌పోర్టే తీసుకెళ్లు. స్లాట్ బుక్ చేసే ముందే సరిచేయించుకో, చివర్లో మార్పించాలంటే మెయిళ్లకే రోజులు పడుతుంది.

అమీర్‌పేట_మాస్టారు:
ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. సబ్‌నెట్టింగ్‌లో ఎక్కడైనా ఆగితే నాకు మెసేజ్ పెట్టు బాబూ, ఫీజేమీ వద్దు. /31 కూడా చెబుతాను.